చూరు కింద పురుటిల్లు

తమిళనాడు శివగంగ జిల్లాలోని పొత్తకుడిలో ఊరి వీధి దీపాలన్నిటికీ ఒకటే స్విచ్‌ పెట్టె. 2020లో ఒక చిన్న పిట్ట ఆ పెట్టెలోకి పుల్లలు, గడ్డిపరకలు మోసుకొచ్చి గుడ్లు పెట్టింది. దీపాలు వేసే పని చూసుకునే యువకుడు ఫొటో తీసి ఊరి వాట్సాప్‌ గ్రూపులో పెట్టాడు. రోజూ పెట్టె తెరిచి స్విచ్‌ నొక్కితే తల్లి బెదిరి వెళ్లిపోతుంది. నొక్కకపోతే వీధులన్నీ చీకటి. మొదట కొందరు ఒప్పుకోలేదు. మాట్లాడుకున్నాక ఊరు చీకటికే సిద్ధపడింది. 35 దీపాలు నెల పైచిలుకు వెలగలేదు.

అదే ఏడాది ఆగస్టులో దుబాయ్‌ యువరాజు షేక్‌ హమ్దాన్‌ తన మెర్సిడెస్‌ కారు ముందద్దం దగ్గర గువ్వ గూడు కట్టుకుందని ఆ కారు తీయడం మానేశారు. ఎవరూ దగ్గరికి పోకుండా చుట్టూ టేపు కట్టించారు. గుడ్డులోంచి పిల్ల బయటికి వచ్చిన వైనాన్ని వీడియోగా లోకానికి చూపించారు.

ఈ రెండూ వార్తలకెక్కాయి. వార్తలకెక్కకుండా ఇదే కథ ఏటా మన ఇళ్లలోనూ నడుస్తుంది. ఏసీ బయటి యూనిట్‌ వెనక, సన్‌షేడ్‌ మీద, బాత్‌రూమ్‌ ఎగ్జాస్ట్‌ కన్నంలో, కరెంటు మీటరు పెట్టెలో, బాల్కనీలో పాకిన మనీప్లాంట్‌ తీగ మధ్య ఎక్కడో ఒకచోట పుల్ల మీద పుల్ల చేరుతుంది. ఇంట్లో చిన్నపిల్లలు సంబరపడతారు. పెద్దవాళ్లకు రెట్టల బెంగ. రంగులు వేయించాలనుకున్నవారికి పని ఆగిపోతుందన్న కంగారు. ఉంచాలా, తీసేయాలా? ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందా? పిల్ల కింద పడితే పాలు పట్టొచ్చా? ఎవరికి తోచింది వారు చేసేస్తారు. ఎక్కువ నష్టం జరిగేది అక్కడే, అదీ చాలాసార్లు ప్రేమ వల్లే.

గుడ్డు పడక ముందు, పడిన తర్వాత

ఏ పిట్ట విషయంలోనైనా మొదట తేల్చుకోవాల్సింది గుడ్డు పడిందా లేదా అన్నదే.

పిట్ట ఇంకా చోటు వెతుక్కుంటున్న దశలో ఇంటివారికి చాలా వెసులుబాటు ఉంది. గోడలో ఖాళీ కన్నానికి జాలీ బిగించవచ్చు. ఎగ్జాస్ట్‌ గొట్టానికి మూత పెట్టవచ్చు. సీలింగ్‌ ఫ్యాన్‌ కప్పు వైపు పిచ్చుక తొంగి చూస్తుంటే ఆ గది కిటికీకి దోమతెర వేయించవచ్చు. దారి మూసుకుపోతే పిట్ట పక్క కొమ్మకో పక్కింటి చూరుకో వెళ్లిపోతుంది. దానికి పెద్ద నష్టమేమీ ఉండదు. గూడు తయారై గుడ్డు పడ్డాక మాత్రం లెక్క మారిపోతుంది. గూడును పక్క బాల్కనీలోకి జరిపినా చాలా పిట్టలు దాన్ని మళ్లీ పోల్చుకోలేవు. అవి పిల్లల కోసం వెళ్లేది మొదట కట్టుకున్న చోటికే.

చట్టం కూడా ఇదే చెబుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో ‘వేట’కు ఇచ్చిన నిర్వచనం చంపడం, పట్టడంతోనే ఆగదు. పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లను గానీ గూళ్లను గానీ కదిలించడం కూడా వేట కిందికే వస్తాయి. 2022లో సవరించిన చట్టం 2023 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాకిలాంటి జీవులను హానికరమైనవిగా చూపుతూ అంతకుముందు ఉన్న జాబితాను ఆ సవరణ తీసేసింది. పక్షి పిల్లను ముచ్చటపడి పంజరంలో పెంచుకోవడమూ కుదరదు. 2018లో ఆంధ్రప్రదేశ్‌ రాష్ట్ర పక్షిగా ప్రకటించిన రామచిలుకను పంజరంలో ఉంచడం నేరమని తెలియక ఇప్పటికీ కొంటున్నవారు ఉన్నారు.

2022లో కేరళలోని మలప్పురం జిల్లాలో రహదారి విస్తరణ కోసం గూళ్లతో నిండిన చెట్టును కూల్చారు. రెక్కలు రాని పిల్లలు రోడ్డు మీద రాలిపడి చచ్చిపోవడం దేశమంతా చూసింది. అటవీశాఖ కేసు పెట్టింది. చెట్టు కొట్టడానికి అనుమతి కాగితం ఉన్నంత మాత్రాన గూళ్ల సంగతి తీరిపోదని ఆ ఘటన తర్వాత చాలామందికి తెలిసింది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికీ ఇది కొత్త కాదు. గుమ్మానికి అలంకారంగా వేలాడదీసిన పూల చక్రంలో హౌస్‌ ఫించ్‌, వరండా దీపం మీద రాబిన్‌ గూడు పెట్టడం అక్కడ వసంతకాలంలో మామూలే. గుడ్లున్న గూటిని తీసేయడం అక్కడ 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం కింద నేరం. బయటి నుంచి వచ్చి చేరిన ఊరపిచ్చుక, స్టార్లింగ్‌, పావురాలకు మాత్రం ఆ రక్షణ లేదు. బ్రిటన్‌లో 1981 నాటి చట్టం వాడుకలో ఉన్న గూళ్లన్నిటినీ కాపాడుతుంది.

ఎన్నాళ్లు ఓపిక పట్టాలి?

గూడు చూడగానే చాలామంది అది ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుందని భయపడతారు. నిజానికి పిట్టకు గూడు నివాసం కాదు. గుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలు వచ్చేదాకా వాడుకుని వదిలేస్తుంది. ఇళ్ల దగ్గర ఎక్కువగా కనిపించే పిగిలిపిట్ట రెండు మూడు గుడ్లు పెడుతుంది. రెండు వారాలు పొదుగుతుంది. ఇంకో రెండు వారాలు తిరక్కుండానే పిల్లలు గూడు దాటేస్తాయి. పిచ్చుకదీ ఇంచుమించు అదే లెక్క, పొదగడానికి 11 నుంచి 14 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు. గువ్వలు రెండు గుడ్లు పెట్టి ఆడా మగా వంతులవారీగా పొదుగుతాయి. అదీ నెల రోజుల పనే. పావురానికి ఏడు వారాల దాకా పడుతుంది. ఎక్కువ కాలం తీసుకునేది తెల్ల గుడ్లగూబ. నెల రోజులు పొదగడం, ఆ తర్వాత పిల్లలు ఎగరడానికి సుమారు రెండు నెలలు.

వీటన్నిటికన్నా తేనెపిట్ట గూడు గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని ఇళ్లలో తెలియక తీసిపారేస్తుంటారు. ఆడ తేనెపిట్ట ఒక్కతే కూర్చుని సాలెపట్టు దారంతో ఎండుటాకులు, బెరడు ముక్కలు, గొంగళిపురుగుల రెట్టలు అతికి, సంచిలాంటి గూడును తీగకో కొమ్మకో వేలాడదీస్తుంది. పక్కన చిన్న ద్వారం, దానిపైన ఎండా వానా తగలకుండా చిన్న చూరు. లోపల దూదిలాంటి మెత్తటి పరుపు. బయటి నుంచి చూస్తే బూజు పట్టి వేలాడుతున్న చెత్తలాగే ఉంటుంది. శత్రువు కంట పడకుండా ఉండటానికే ఆ వేషం. ఆ వేషమే పండగ ముందు బూజుకర్ర తిప్పే ఇంట్లో దాని ప్రాణం మీదికి తెస్తుంది. కాలింగ్‌ బెల్‌ తీగకో, బట్టలు ఆరేసే తాడుకో, వరండాలో వాడని బల్బు వైరుకో అలాంటి ‘చెత్త’ కనిపిస్తే దులిపే ముందు పది నిమిషాలు దూరంగా నిలబడి చూడాలి. అరచేతిలో పట్టేంత పిట్ట వచ్చి లోపల దూరితే ఆ మూలను నెల రోజులపాటు వదిలేయాలి. ఇంట్లో పనికి వచ్చేవారికీ ఆ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

గూడు ఉన్నన్నాళ్లూ ఇంటివారు మార్చుకోవాల్సినవి కొన్నే. పిచ్చుకలు తిరిగే గదిలో ఫ్యాన్‌ ఆపడం అన్నిటికన్నా ముఖ్యం. పెంకుటిళ్ల కాలంలో వాసాల సందుల్లో హాయిగా కాపురం చేసిన పిచ్చుకలు ఇళ్లలోకి ఫ్యాన్లు వచ్చాక వాటి రెక్కలకు తగిలి చనిపోవడం పాతతరం వారందరికీ గుర్తున్న సంగతే. ఏసీ యూనిట్‌ పైన, లేదా వెనక గోడ సందులో గూడుంటే ఏసీ వాడుకోవడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. పుల్లలు ఫ్యాన్‌ జాలీ లోపలికి చేరితే మాత్రం ఆపాల్సిందే. సర్వీసింగ్‌కు మాత్రం ఆ నెల ఎవరినీ పిలవకూడదు. పూలకుండీలో గూడుంటే గొట్టంతో పైనుంచి నీళ్లు చిమ్మకుండా చెంబుతో మొక్క మొదట్లో పోయాలి. మొక్కలకు పురుగుమందు కొట్టకూడదు. తేనె తాగే పిట్టా, గింజలు తినే పిచ్చుకా కూడా పిల్లలకు పెట్టేది పురుగులనే. మందు తిన్న పురుగు పిల్ల నోట్లోకే పోతుంది.

ఫొటోలు కూడా తీయొచ్చు, దూరం నుంచి, ఫ్లాష్‌ లేకుండా. గూటి చుట్టూ ఆకులు అడ్డొస్తున్నాయని తుంచేస్తే మాత్రం కాకికీ పిల్లికీ దారి చూపించినట్టే. మాటిమాటికీ స్టూలు వేసుకుని తొంగిచూస్తే తల్లి బయటే తిరుగుతుంది, లోపల గుడ్లు చల్లబడిపోతాయి. ఒక్కోసారి ఎంత జాగ్రత్తగా ఉన్నా కాకో పామో గూటిని దోచుకుపోతుంది. అది ప్రకృతిలో భాగం. పిగిలిపిట్టలు ఇలా గుడ్లు పోగొట్టుకోవడం, మళ్లీ కట్టుకోవడం సర్వసాధారణం.

కింద పడిన పిల్లను ఏం చేయాలి?

వేసవి గాలివానల తర్వాత ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. దీనికి సమాధానం పిల్ల ఒంటిని చూస్తే తెలుస్తుంది.

ఈకలు రాలేదు, కళ్లు సరిగా తెరవలేదు అంటే అది గూట్లో ఉండాల్సిన పిల్ల. మెల్లగా చేతిలోకి తీసుకుని గూట్లో పెట్టేయాలి. మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందన్న మాట తరతరాలుగా వినిపిస్తున్నా అందులో నిజం లేదు. తల్లికి పిల్ల మీద మమకారం ఎక్కువ. గూడు పూర్తిగా ఊడిపోయి ఉంటే చిన్న వెదురు బుట్టలో పాత గూటి పుల్లలు, ఎండుగడ్డి వేసి, మొదట గూడున్న చోటే నీడలో కట్టి పిల్లల్ని అందులో పెట్టి దూరంగా జరగాలి. చాలాసార్లు గంటా రెండు గంటల్లో తల్లి మేత మొదలుపెడుతుంది.

ఈకలు వచ్చి, పొట్టి తోకతో నేల మీద గెంతుతున్న పిల్ల సంగతి వేరు. అది పడిపోయిన పిల్ల కాదు, ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. తల్లీతండ్రీ ఆ చుట్టుపక్కలే ఉండి మేత అందిస్తుంటాయి. దానికి కావాల్సింది పెంపుడు కుక్కనో పిల్లినో ఒకటి రెండు రోజులు లోపల ఉంచడం. దారిలో ఉంటే ఎత్తి పక్క పొదలో పెడితే చాలు. ప్రేమతో ఇంట్లోకి తెచ్చి అట్టపెట్టెలో పెట్టిన పిల్లల్లో చాలావాటికి నిజానికి తల్లి ఉంటుంది. బయట వెతుక్కుంటూనే ఉంటుంది.

పాలు, పాలన్నం, బ్రెడ్డు పెట్టకూడదు. పక్షులు పాలను అరిగించుకోలేవు. దూదితోనో డ్రాపర్‌తోనో నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ఉక్కిరిబిక్కిరై చనిపోతాయి. గాయమై రక్తం కారుతుంటే, పిల్లి నోట పడి ఉంటే గాలి ఆడే పెట్టెలో, చీకట్లో, వెచ్చగా ఉంచి పశువైద్యుల దగ్గరికో అటవీశాఖ దగ్గరికో చేర్చాలి. పిల్లి పన్ను గాటు పైకి చిన్నగా కనిపించినా లోపల విషమిస్తుంది, దానికి మందు పడాల్సిందే. ఇంటి చుట్టూ ఒకేసారి నాలుగైదు పక్షులు చచ్చిపడి ఉంటే మాత్రం చేత్తో ముట్టకూడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడింది. అలాంటి సమయాల్లో పశుసంవర్ధక శాఖకు వెంటనే చెప్పడం ఊరందరికీ మంచిది.

పావురం, కాకి, గుడ్లగూబ

అన్ని పక్షులనూ ఒకే గాటన కట్టలేం. పావురాల విషయంలో ఇంటివారి ఇబ్బంది నిజమైనది. ఎండిన రెట్టల పొడి, ఈకల ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు వాచి, క్రమంగా గట్టిపడిపోయే జబ్బు వస్తుంది. ఆస్తమా ఉన్నవారికి, వృద్ధులకు ముప్పు మరీ ఎక్కువ. 2025లో ముంబయిలో కబూతర్‌ఖానాల (పావురాలకు గింజలు వేసే చోట్ల) మూసివేత మీద హైకోర్టుదాకా వెళ్లిన వివాదానికి మూలం ఇదే. అపార్ట్‌మెంట్లలో పావురాలు ఇంతగా పెరగడానికి కారణం కూడా మనుషులే. పొద్దున్నే బస్తాలకొద్దీ గింజలు చల్లుతారు, కొండచరియల్లో గూడు పెట్టే జాతికి సరిపోయే అంచులు ప్రతి అంతస్తులో కట్టి ఉంచుతారు. గింజలు చల్లడం ఆపాలి. బాల్కనీకి వల వేయించాలంటే లోపల గుడ్లు, పిల్లలు లేవని చూసుకున్నాకే వేయించాలి. పిల్లలు లోపలా తల్లి బయటా ఉండగా వల బిగించడం కన్నా క్రూరమైన పని లేదు. రెట్టలను పొడిగా ఊడ్వకూడదు. నీళ్లు చల్లి తడిపి, మాస్కు కట్టుకుని కడగాలి.

కాకి గూడున్న చెట్టు కింద నడిచేవారిని తల మీద తన్నడం వేసవిలో మామూలే. పిల్లలు గూడు దిగే రోజుల్లోనే ఆ కోపం. కొద్ది రోజులు గొడుగు వేసుకుని నడిస్తే సరిపోతుంది. ఆ గూటిని కూలగొడితే పోయేది కాకి గుడ్లే కాకపోవచ్చు. కోకిల తన గుడ్డును పెట్టేది కాకి గూట్లోనే.

గుడ్లగూబ విషయంలో అపోహలు ఎక్కువ. అపార్ట్‌మెంట్‌ డక్టులో, పాత ఇంటి అటక మీద పిల్లలు బుసకొట్టినట్టు శబ్దం చేస్తుంటే ఇంటివారు హడలిపోతారు. కీడని, చావుపిట్టని రాళ్లు విసిరేవారు ఇంకా ఉన్నారు. ఆ మాటలకు ఆధారం ఏమీ లేదు. రాత్రంతా అది చేసే పని ఎలుకలను పట్టి పిల్లలకు పెట్టడం. ఎలుకల మందుకు డబ్బు పోసే కాలనీకి అంతకన్నా మేలు చేసే పక్షి మరొకటి లేదు.

ఊళ్లే గూళ్లయిన చోట

ఒక్క గూటికే కంగారుపడేవారు శ్రీకాకుళం జిల్లా వెళ్లి చూడాలి. టెక్కలి మండలం తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వందల సంఖ్యలో ఇళ్ల మధ్య చెట్ల మీదే పిల్లల్ని చేస్తాయి. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచికి వానాకాలం మొదట్లో నత్తలు తినే ఓపెన్‌బిల్‌ కొంగలు వస్తాయి. అవి రావడం పంటకు శుభమని ఊరి నమ్మకం. శ్రీసత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలకు చింతచెట్లే నెలవు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులోనూ ఇదే సందడి. వీటిని సైబీరియా పక్షులని పిలవడం అలవాటైపోయింది కానీ గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ మన దేశపు పక్షులే. ఇక్కడే పుట్టి, ఇక్కడే గూడు పెడతాయి. నిజంగా సైబీరియా నుంచి చలికాలం గడపడానికి వచ్చేవి ఇక్కడ గుడ్లు పెట్టవు.

ఆడపడుచు పురిటికి పుట్టింటికి వచ్చినట్టే వీటి రాకను చూస్తారు ఆ ఊళ్లలో. ఆ మాట వినడానికి ముచ్చటగా ఉంటుంది. దాని వెనక రోజువారీ ఓర్పు ఉంది. రెట్టల వాసన, పిల్లల నోట్లోంచి జారిపడే చేపల కంపు, పెంకుల మీద తెల్లటి చారలు నెలల తరబడి భరించాలి. గూళ్లున్న చింతచెట్టు కాయ దులపలేరు. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరు ఈ చిక్కుకు ఒక దారి చూపింది. అక్కడ చెట్టు యజమాని నష్టపోయిన ఫలసాయానికి అటవీశాఖ పరిహారం ఇస్తుంది. గూళ్లలోంచి పడిపోయిన గూడబాతు పిల్లలను ఊళ్లోనే సాకి, రెక్కలొచ్చాక వదిలే ఏర్పాటు ఉంది. 2007లో దాన్ని సముదాయ సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. పక్షుల భారమంతా పేద రైతు చెట్టు మీద వేసి ఊరిని పొగిడితే సరిపోదు. మన రాష్ట్రంలోని ఊళ్లకూ అలాంటి పరిహారం అందాలి.

పిలిచి చోటిచ్చేవారికి

వరి కోతల తర్వాత కంకులను కుచ్చులుగా అల్లి ఇంటి చూరుకు, గుడి మండపానికి వేలాడదీయడం గోదావరి జిల్లాల్లో నేటికీ కనిపిస్తుంది. పిచ్చుకల కోసమే ఆ పని. 2010 నుంచి మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినోత్సవంగా జరుపుతున్నారు. దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉందని, పెద్ద నగరాల్లో మాత్రం తగ్గిందని 2020లో వచ్చిన ‘స్టేట్‌ ఆఫ్‌ ఇండియాస్‌ బర్డ్స్‌’ నివేదిక చెప్పింది. అద్దాల భవనంలో పిచ్చుకకు సందు ఎక్కడ? మందులు కొట్టిన పచ్చికలో దాని పిల్లకు పురుగు ఎక్కడ?

చెక్క గూడు పెట్టాలనుకుంటే కన్నం 32 మిల్లీమీటర్లు ఉంటే చాలు. పిచ్చుక దూరుతుంది, గోరింక పట్టదు. మనిషి ఎత్తుకు బాగా పైన, పడమటెండ తగలని గోడకు బిగించాలి. కన్నం ముందు వాలడానికి పుల్ల అక్కర్లేదు, అది కాకికే పనికొస్తుంది. పిచ్చుకలు గుంపుగా బతికే పక్షులు కాబట్టి ఒకటికి రెండు మూడు గూళ్లు పెట్టడం మేలు. మట్టి పళ్లెంలో నీళ్లు రోజూ మార్చాలి.

పిల్లలు ఎగిరిపోయి వారం దాటాక, గూడు ఖాళీ అని నిర్ధారించుకున్నాక మాస్కు, చేతి తొడుగులు వేసుకుని తీసేయొచ్చు. పాత గూళ్లలో కంటికి కనబడనంత చిన్న పురుగులు మిగిలి కొద్ది రోజులు ఒంటికి దురద పెడతాయి. గూటిని సంచిలో కట్టి పారేసి, ఆ చోటును సబ్బు నీళ్లతో కడిగితే పోతాయి. మళ్లీ అక్కడే వద్దనుకునేవారు కన్నం మూయాల్సింది కూడా అప్పుడే.

మన దగ్గర ఎక్కువ గూళ్లు పడేది ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా. ఇళ్లకు రంగులు, ఏసీ సర్వీసింగ్‌, కరెంటు తీగలకు తగిలే కొమ్మల నరికివేత కూడా ఈ నెలల్లోనే ఎక్కువ. ఈసారి పనివాళ్లకు ఫోన్‌ చేసే ముందు ఏసీ వెనక, చూరు కింద, కొట్టించబోయే కొమ్మల మధ్య ఒకసారి వెతకండి. గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే ఆ పనిని పిల్లలు ఎగిరిపోయేదాకా వాయిదా వేయండి.